నేల ఆగిపోయిన తర్వాత

అయినా నేల ఆగిపోయింది కాబట్టి కాళ్ళు కూడా నిద్రపోయాయనుకోవడంలో తప్పేముంది, ఎవరైనా అలాగే అనుకుంటారు, అనుకుంటున్నాడు నరహరి. మంచం అంచున కూర్చుని ఉన్నాడు. భార్య ఊర్మిళ అతని ఎడమ పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని తడిగుడ్డతో అరికాలు తుడుస్తోంది. కార్ఖానాలో పాళీ, అంటే షిఫ్టు, దిగి బయటికి వచ్చాక చెవుల్లో మగ్గాల హోరు కాసేపు అలాగే ఉంటుంది. ఆ తర్వాత చెవులు ఎవరివో అన్నట్టు మూసుకుపోతాయి. చెవులకు అలా అయితే అరికాళ్ళకు మాత్రం ఎందుకు కాకూడదు? ఇన్నేళ్ళుగా రేయింబవళ్ళు అదిరే నేల మీద నిలబడిన కాళ్ళవి. ఉన్నట్టుండి నేల అదరడం మానేస్తే వాటికి ఏం పని ఉంటుంది?

"నొస్తుందా?" అంది ఊర్మిళ.

"లేదు."

"నొస్తలేదంటె మానినట్టా, మాననట్టా?"

"నాకెట్ల తెలుస్తది? సూసేదానివి నువ్వే గదా."

ఊర్మిళ తల ఎత్తి ఒకసారి అతని ముఖం చూసి, మళ్ళీ కాలు చూసింది. పుండు మూసుకుంది. అది ఉన్న చోట చర్మం లేతగా, గులాబీ రంగులో, పసిపిల్లల పెదవిలా ఉంది. నరహరి వంగి చూడాలనుకున్నాడు గాని పొట్ట అడ్డం వచ్చింది. ఇన్ని రోజులు కార్ఖానాకు పోకుండా సూరత్ గోడాదరాలోని ఈ గదిలోనే కూర్చున్నాడు. ఈ రోజు మళ్ళీ పాళీకి పోతున్నాడు.

నిరుడు మార్చిలో లాక్‌డౌన్‌కు సాంచెలు, బట్ట నేసే కరెంటు మగ్గాలు, ఆగినప్పుడు మొదట తెలిసింది శబ్దం లేకపోవడమే. సాంచెల పేట ఉధ్నా మొత్తం ఒక్క రోజులో చప్పుడు మానేసింది. గల్లీలో కుక్క మొరిగితే ఎక్కడ మొరుగుతోందో తెలిసేది. పక్క గదిలో దంపతులు ఏం మాటల మీద పోట్లాడుకుంటున్నారో తెలిసేది. కొందరు ఊళ్ళకు నడిచి వెళ్ళిపోయారు, కొందరు రైళ్ళ కోసం చూసి చూసి వెళ్ళారు. నరహరీ, రెండు గదుల అవతల ఉండే అన్న అంబదాసూ పోలేదు. ఎక్కడికి పోతం, ఎవలు రమ్మంటున్నరు, అన్నాడు అంబదాస్. అంతే, ఉండిపోయారు. తినడం, పడుకోవడం, మళ్ళీ తినడం. ఉన్నది అన్నమే కాబట్టి అన్నమే తిన్నారు. చాయ్‌లో చక్కెర తగ్గించాలని ఏ క్యాంపులోనో ఎవరో చెప్పిన సంగతి నరహరికి గుర్తుంది, కాని ఆ రోజుల్లో చాయ్ తప్ప రోజును రెండుగా విడదీసేది ఏదీ లేదు. షుగర్ గోలీలు గుర్తొచ్చినప్పుడు వేసుకున్నాడు. పాత ప్యాంటు గుండీ పట్టడం మానేసింది. లుంగీకి గుండీలు ఉండవు కాబట్టి దాని గురించి ఆలోచించాల్సిన అవసరం రాలేదు.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున మేజోళ్ళు వేసుకున్నట్టు అనిపించి కాళ్ళకేసి చూసుకున్నాడు. మేజోళ్ళు లేవు. అతను జీవితంలో ఎప్పుడూ మేజోళ్ళు వేసుకోలేదు, అయినా అలాగే అనిపించింది. భయం వేయలేదు. కారణం వెంటనే దొరికింది, అది చక్కగా అతికింది. నేల ఆగింది, కాళ్ళు ఆగాయి. ఆ మాట గల్లీలో లింగంతో కూడా చెప్పాడు. లింగం అతని పక్క వరుసలో సాంచెలు నడిపేవాడు.

"నిజమే అన్నా," అన్నాడు లింగం. "నాక్కూడ గట్లనే ఉన్నది. మిషిన్లు సురువైతె అన్నీ లేస్తయ్."

ఆ రోజు నుంచి నరహరి సాంచెల కోసం ఎదురుచూసింది కూలి కోసం ఒక్కటే కాదు. కాళ్ళు తిరిగి వస్తాయని.

జూన్‌లో సాంచెలు మొదలయ్యాయి. కార్ఖానా మూలన కుండ మీద పెట్టిన స్టీలు గ్లాసులో నీళ్ళు వలయాలుగా వణుకుతున్నాయి. నరహరి ఆ నీళ్ళకేసి చాలాసేపు చూశాడు. నేల అదురుతోందన్న సంగతి అతనికి ఆ గ్లాసు చెప్పింది. అంతకుముందు అరికాలు చెప్పేది. ఎనిమిది సాంచెల మధ్య అటూ ఇటూ తిరుగుతుంటే ఏ సాంచె దెబ్బ తప్పుతోందో, ఎక్కడ పోగు మోసే నాడె బరువుగా పడుతోందో చెవికంటే ముందు కాలికి తెలిసేది. ఆ హోరులో చెవి దేనికి పనికొస్తుంది? ఇప్పుడు అతను గడప దగ్గర చెప్పులు విడిచి, ఉత్త కాళ్ళతో నడుమ నిలబడితే, నీళ్ళలో నిలబడ్డట్టు ఉంది. నాలుగు రోజులు పడుతుందిలే అనుకున్నాడు. నాలుగు రోజుల తర్వాత ఇంకో నెల అనుకున్నాడు. తర్వాత అనుకోవడం మానేసి, చేయి సాంచె చట్రం మీద ఆనించి నడవడం నేర్చుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు. సాంచె మీద చేయి వేసి నడిచే మనిషిని చూస్తే ఆప్యాయంగా నిమురుతున్నాడనే అనుకుంటారు.

"ఇగో, కాలు దించు," అంది ఊర్మిళ. "నూనె రాసిన. అన్నం పెడత, జొన్న రొట్టె గూడ ఉన్నది. అన్నం గింతే. అడుగకు మల్ల."

"అడిగిన్నా నేను?"

"నోటితోని అడుగవ్. పల్లెం దిక్కు సూస్తవ్."

పుండు ఎలా అయిందో నరహరికి తెలియదు. అదే అందులో విచిత్రం. తన కాలికి జరిగిన విషయం ఇంకొకరు చెబితే విన్నాడు. ఆ సాయంత్రం పాళీ నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కోకుండా గదిలోకి వస్తే, తెల్లటి టైల్స్ మీద ఒక కాలి గుర్తులు ఎర్రగా పడ్డాయి. ముందు చూసింది కూతురు సంతోషి. "పప్పా, కుచ్ తొక్కినవా? పాన్ ఉమ్మినట్టు ఉన్నది," అంది. తర్వాత ఊర్మిళ కాలు పట్టుకుని లాగి, విరిగిన ఇనుప తీగ ముక్కను బయటికి తీసింది. పాళీ అంతా దాని మీదే నడిచి ఉంటాడు. తీస్తున్నప్పుడు ఊర్మిళ ముఖం చిట్లించుకుంది, సంతోషి కళ్ళు మూసుకుంది. నరహరి వాళ్ళిద్దరి ముఖాలు చూస్తూ, నొప్పి అంటే ఇలా ఉంటుంది కదా అనుకున్నాడు.

ఉధ్నా స్టేషన్ వెనుక సందులో ఉన్న డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయారు. మాస్కు, దాని మీద ప్లాస్టిక్ తెర, వాటి వెనుక నుంచి ఆమె గొంతు దూరంగా వినిపించింది. పుండు కడిగింది. బీపీ చూసింది, టేపుతో నడుము కొలిచింది, రక్తం రిపోర్టు చూసింది. తర్వాత అతన్ని పడుకోబెట్టి కళ్ళు మూసుకోమంది. సన్నని నైలాన్ దారం ఒకటి చూపించి, "ఇది కాలికి తగిలినప్పుడల్లా హా అనండి కాకా," అని హిందీలో చెప్పింది.

నరహరి కళ్ళు మూసుకున్నాడు. దారం అన్న మాట వినగానే కొంత ధైర్యం వచ్చింది. చీకట్లో వేళ్ళ మధ్య పెట్టినా అది ఏ రకం నూలో చెప్పగలడు. అతను ఎదురుచూశాడు. ఏమీ రాలేదు. ఎంతసేపని ఊరుకుంటాడు? "హా" అన్నాడు. కొద్దిగా ఆగి మళ్ళీ "హా" అన్నాడు. సాంచె దెబ్బకూ దెబ్బకూ మధ్య ఉండే ఎడం లాగే ఒక ఎడం పెట్టుకుని, హా, హా అంటూ పోయాడు.

"కాకా," అంది డాక్టరమ్మ. "నేనింకా పెట్టనే లేదు."

ఊర్మిళ నవ్వింది, తర్వాత నవ్వు ఆపేసింది. నరహరి కళ్ళు తెరవలేదు. పట్టుబడినందుకు సిగ్గు రావాలి. అది వస్తుందేమోనని కళ్ళు మూసుకునే ఉన్నాడు.

డాక్టరమ్మ వివరంగానే చెప్పింది. "షుగర్, బీపీ, రక్తంలో కొవ్వు, ఈ పొట్ట. వేరువేరు రోగాలనుకోకండి. నలుగురూ ఒకే ఖాన్‌దాన్. ఒకరిని ఇంట్లో ఉండనిస్తే మిగిలినవాళ్ళు చుట్టరికం చెప్పుకుంటూ వచ్చేస్తారు."

"మా ఆడబిడ్డలొచ్చినట్టు," అంది ఊర్మిళ తెలుగులో, తనలో తాను.

"నిద్ర పడుతుందా? మనసు ఎలా ఉంటోంది?" అని అడిగింది డాక్టరమ్మ.

"ఠీక్ హై," అన్నాడు నరహరి.

ఊర్మిళ ఊరుకోలేదు. తనకు వచ్చిన హిందీలో చెప్పింది. పడుకుంటాడు, నిద్రపోతాడో లేదో తెలియదు. ఏమన్నా అడిగితే ఊ అంటాడు. కోపం రాదు, ముందు బాగా వచ్చేది. వాళ్ళన్న పోయినప్పటి నుంచి ఇంతే. ఏడవలేదు. ఒక్కసారి కూడా ఏడవలేదు.

డాక్టరమ్మ ఆ మాట కూడా చీటీ మీద రాసుకుంది. తర్వాత, "దాని గురించి కూడా మాట్లాడాలి. మళ్ళీ రండి, ఆయన్నే మాట్లాడనివ్వండి," అంది. "నడవాలి, అన్నం తగ్గాలి, గోలీలు తప్పకూడదు. కాని అన్నిటికంటే ముందు ఈ కాలు. ఇక నుంచి చెప్పు లేకుండా ఒక్క అడుగు కూడా వేయొద్దు. ఇంట్లో కూడా. ఈసారి మానుతుంది. ఇంకోసారి ఇలాగే అయితే వేలు తీయాల్సి రావచ్చు. వేలితో ఆగుతుందని నేను చెప్పలేను."

"కార్ఖానాలో?" అన్నాడు నరహరి.

"కార్ఖానాలోనే అసలు."

సాంచె దగ్గరికి చెప్పులతో పోకూడదు. ఇది ఎవరూ ఎక్కడా రాసిపెట్టిన సంగతి కాదు. నాయిన చేతిమగ్గం నేసేవాడు. మగ్గం గుంటలో దిగేముందు కాళ్ళు కడుక్కునేవాడు. చెప్పులతో దగ్గరికొస్తే నూలు తెగుతుందనేవాడు. మగ్గం పోయి సాంచె వచ్చింది, ఊరు పోయి సూరత్ వచ్చింది, నూలు పోయి పాలిస్టర్ వచ్చింది. అంబదాస్ మాత్రం కార్ఖానా గడప బయట చెప్పులు విడవడం మానలేదు. అన్న విడిస్తే తమ్ముడూ విడిచాడు. ఒడియా వాళ్ళు, బీహార్ వాళ్ళు, చివరికి మన ఊళ్ళ నుంచి వచ్చిన కుర్రవాళ్ళు కూడా చెప్పులతోనే తిరిగేవారు. గడప బయట ఎప్పుడూ రెండే జతలు. మొదట్లో నవ్వేవారు, తర్వాత అలవాటు పడ్డారు. సేట్ కొడుకు ఒకసారి బూట్లతో సాంచె చట్రం మీద కాలు పెట్టి ఫోన్ మాట్లాడితే, అంబదాస్ ఆ రోజంతా అన్నం డబ్బా తెరవలేదు.

ఈ ఏడు ఏప్రిల్‌లో, కరోనా రెండోసారి వచ్చినప్పుడు, అంబదాస్ పోయాడు. దవాఖానాలోకి నడిచి వెళ్ళాడు. శ్మశానంలో తాడు కట్టిన చోటు నుంచి నరహరి చూశాడు. తెల్లగా చుట్టినది అన్నేనని ఎవరో చెప్పారు. చెబితే నమ్మాడు. ఏడుపు రాలేదు. ఇంత జనం, ఇంత పొగ, ఇక్కడెలా వస్తుంది, ఇంటికెళ్ళాక వస్తుందనుకున్నాడు. ఇంట్లో రాలేదు. కర్మ నాడు వస్తుందనుకున్నాడు. తర్వాత కార్ఖానాలో అన్న సాంచెల దగ్గర ఇంకెవరో నిలబడితే, అది చూసినప్పుడు తప్పకుండా వస్తుందనుకుని, ఆ రోజు కొంచెం జాగ్రత్తగా, జేబులో చేతిరుమాలు పెట్టుకుని మరీ వెళ్ళాడు. కొత్త మనిషి అంబదాస్ సాంచె ఆపి దారం కండె మార్చుకున్నాడు. మళ్ళీ నడిపాడు. నరహరి తన సాంచె దగ్గరికి వెళ్ళిపోయాడు.

గడప బయట ఒకే జత. అదొక్కటే తేడా. దాన్ని కూడా తీసేస్తే అన్న అక్కడ పనిచేశాడనడానికి ఏం మిగులుతుంది? ఆ మాట డాక్టరమ్మతో అనలేదు. ఊర్మిళతో కూడా అనలేదు.

అన్నం తిన్నాక ఊర్మిళ ఉధ్నా బజారులో కొన్న చెప్పులు తెచ్చి ముందు పెట్టింది. నల్లవి, మందపాటి అడుగు, వేళ్ళు మూసి ఉండి, పైన మూడు పట్టీలు. పట్టీలు గరగరమంటూ ఊడి, మళ్ళీ అతుక్కుంటాయి. డాక్టరమ్మ చెప్పిన రకమే.

"పప్పా, మస్త్ ఉన్నయ్," అంది సంతోషి. "రిటైరైన క్రికెటర్ లెక్క."

"జర పెద్దగున్నయేమో," అంది ఊర్మిళ.

"చాల్‌శే," అన్నాడు నరహరి. సూరత్‌లో పెరిగిన కూతురు నోట విని విని అతనికి పట్టుబడిన మాట. ఫర్వాలేదు, నడుస్తుంది అని.

"చాల్‌శే చాల్‌శే అనుకుంటనే కాలుకు తెచ్చుకున్నవ్," అంది సంతోషి. "లోపట ఇడువద్దు పప్పా. డాక్టర్ నే క్యా కహా థా? ఇడిస్తె నాకు తెలుస్తది. లింగం కాకకు ఫోన్ జేసి అడుగుత."

"ఇడిస్తే ఏమైతది?" అంది ఊర్మిళ, కూతురితో అన్నట్టు, కాని అతన్నే చూస్తూ. "కాలు తీసినంక సాంచె కాడికి ఎట్ల పోతడు? కుర్సీల కూసోని పోతడా? బావ ఉంటె తిట్టి చెప్పులు ఏపిచ్చు."

"అన్న ఏపియ్యడు."

"నీకేం తెల్సు?"

నరహరికి నిజంగానే తెలియదు. అన్న ఏమనేవాడో ఊహించాలని చూశాడు. అన్న ముఖం వచ్చింది, మాట రాలేదు.

షేర్ ఆటోలో ఉధ్నా దిగి, సందుల్లో నడిచాడు. ప్రతి గోడ వెనుక సాంచెలు కొట్టుకుంటున్నాయి. గడప దగ్గర విడిచేస్తాను, లోపల కిందికి చూస్తూ నడుస్తాను, అనుకున్నాడు. అప్పుడు చూడకపోవడం వల్లే కదా తీగ గుచ్చుకుంది. కాని కిందికి చూస్తూ నడిచేవాడు సాంచెల మీద తెగిన పోగు ఎలా చూస్తాడు? అయితే వేసుకునే ఉంటాను. గడప దాటేముందు అన్నకు మనసులో ఒక మాట చెప్పి దాటుతాను. ఏమని చెప్పాలి? అన్నా, కాలు పోతదంటున్నరు. అది చాలా? అన్న పోయినప్పుడు రాని ఏడుపు, చెప్పులు వేసుకున్నందుకు వస్తుందా? వస్తే మంచిదే. బహుశా గడప దాటే క్షణంలో ఏదైనా తెగుతుంది. ఒకప్పుడు నేల మొదలైతే కాళ్ళు లేస్తాయనుకున్నట్టు. అక్కడ ఆలోచన ఆగింది. రెండూ ఒకే రకం ఎదురుచూపు అని కనిపించింది. అది కనిపించినా ఏమీ అనిపించలేదు. ఒక కారణం దొరికినప్పుడు కలిగే కొద్దిపాటి తృప్తి మాత్రం కలిగింది. ఆ తృప్తి మీద కూడా ఇప్పుడు నమ్మకం లేదు. నాయినకు షుగర్ ఉండేదా? ఆయన చివరి రోజుల్లో కాళ్ళు మంచం బయటికి చాచి, ఇవి నాయేనా అని అడిగేవాడు. అందరూ ముసలితనం అనుకున్నారు. గుంటలో ఉత్త కాళ్ళతో ఆయన తొక్కిన చెక్కలు ఆయనకు ఏం చెప్పేవో, ఎప్పుడు చెప్పడం మానేశాయో ఎవరూ అడగలేదు.

ఎవరో భుజం మీద చేయి వేశారు. లింగం. అతని నోరు నరహరి చెవి దగ్గరే ఉంది. హోరులో అలాగే మాట్లాడాలి.

"ఏం నర్‌హరన్నా, బాగున్నవా? కాలు తగ్గిందా?"

"తగ్గింది."

"చెప్పులతోనే అచ్చినవ్?"

నరహరి చుట్టూ చూశాడు. అటు నాలుగు సాంచెలు, ఇటు నాలుగు సాంచెలు. వాటి నడుమ, తాను రోజూ నిలబడే చోటే నిలబడి ఉన్నాడు. వెనక్కి తిరిగి చూశాడు. గడప అక్కడ, వరుస చివర, వెలుతురు పడుతున్న చోట ఉంది. ఎప్పుడు దాటాడో తెలియదు. చెప్పులు ఉన్నదీ లేనిదీ కాళ్ళు చెప్పలేదు. దాటే ముందు చెప్పాలనుకున్న మాట చెప్పకుండానే దాటేశాడు. సాంచెలు కొట్టుకుంటూనే ఉన్నాయి. ఏ పోగూ తెగలేదు.

"మర్సిపోయినవా?" అన్నాడు లింగం. నవ్వుతూ కాదు, కొంచెం కంగారుగా. ఇన్నేళ్ళు చూసిన మనిషి. "పెద్దన్న పోయినంక గూడ నువ్వు గిట్ల చెయ్యంగ ఎన్నడు సూడలే. ఇప్పు, ఇటు తే. నేను పోయి బయట పెట్టొస్త."

చేయి చాచాడు.

నరహరి ఎదురుచూశాడు. ఇప్పుడు రావాలి కదా ఏదైనా, భయమో, తప్పు చేసినట్టో. అరచేయి సాంచె చట్రం మీద ఉంది. అరచేతికి అదురు తెలుస్తోంది. అంతవరకే.

"నాకు తెల్వలేదు లింగం," అన్నాడు.

"ఏంది?"

"చెప్పులున్నయని తెల్వలేదు. కాళ్ళకు తెలుస్తలేదు. నిరుటి సంది."

లింగం అతని నోటికేసి చూశాడు. విన్నాడో లేదో, హోరులో మాట సగమే అందిందో. చాచిన చేయి అలాగే ఉంది.

"అయితె ఇప్పుతవా?" అన్నాడు.

నరహరి వంగబోయాడు. పొట్ట అడ్డం వచ్చి ఊపిరి ఆడలేదు. కాలెత్తి సాంచె చట్రం మీద పెడితే సులువు. పెట్టలేదు. సాంచె పట్టుకుని మెల్లగా నేల మీద కూర్చున్నాడు. దారపు దుమ్ము, నూనె మరకలు. ఎడమ కాలు దగ్గరికి లాక్కున్నాడు. లింగం కూడా చెప్పు అందుకోవడానికి మోకాళ్ళ మీద వంగాడు. నరహరి మొదటి పట్టీ ఊడదీశాడు. ఆ గరగర హోరులో వినిపించలేదు. కాసేపు దాన్ని వేళ్ళ మధ్య పట్టుకున్నాడు.

తర్వాత దాన్ని ముందటి కంటే గట్టిగా లాగి, బొటనవేలితో ఒత్తి అతికించాడు. రెండో పట్టీ కూడా బిగించడానికి చేయి వేశాడు.